ద్వారబంధం మీద పోలీసు గీత

ఎర్రిస్వామి ఎత్తును వాళ్ల ఇంట్లో చాటతో కొలిచేవాళ్లు. శనక్కాయలు చెరిగే మామూలు వెదురు చాట. కొడుకును ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, కదిరమ్మ పీట ఎక్కి, చాటను బోర్లించి అతని నెత్తిన పెట్టేది. చాట అంచు కొయ్యకు ఎక్కడ తగిలితే కొడుకు అంత ఎత్తు.

ఆ ద్వారబంధం మీద కత్తితో గీసిన గీత ఒకటి ఉంది. కుందుర్పిలో సెల్‌ఫోన్లు బాగుచేసే తిప్పేష్ ఒక ఆదివారం టేపు తెచ్చి, నేల నుంచి నూట అరవై ఏడు పాయింట్ ఆరు సెంటీమీటర్లు కొలిచి గీసిపోయాడు. కానిస్టేబులు కావాలంటే మగపిల్లవాడికి ఉండవలసిన ఎత్తు అది. ఎర్రిస్వామి, తిప్పేష్ చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ. ఇద్దరూ కళ్యాణదుర్గంలో డిగ్రీ చదివారు. తిప్పేష్ అంగడి పెట్టుకున్నాడు. ఎర్రిస్వామి పోలీసు అవుతానన్నాడు. పల్లెలో ఆ గీతకు పోలీసు గీత అని పేరు పడింది. కదిరమ్మ శుక్రవారం గడపకు పసుపు రాసినప్పుడు దానికీ ఒక కుంకుమ బొట్టు పెట్టేది.

మొదటిసారి కొలిచినప్పుడు చాట ఆ గీతకు కొంచెం కిందనే ఆగింది. బియ్యపు గింజంత తేడా కావచ్చు.

“ఇంత దానికి ఏముండాదిలే, చెప్పులేసుకుంటే సరిపోతాది” అన్నాడు తిప్పేష్.

“చెప్పులు ఇప్పిస్తారంట” అన్నాడు ఎర్రిస్వామి దిగులుగా.

ఆ ఏడు రాతపరీక్షలోనే రెండు మార్కులు తక్కువయ్యాయి. ఎత్తు దాకా పోనే లేదు. కదిరమ్మ ఊరుకోలేదు. భర్త పోయాక నాలుగెకరాల మెట్టను ఒంటిచేత్తో చేసుకొస్తున్న మనిషి ఆమె. వాన రాకపోతే మరుసటేటికి విత్తనం దాచుకోవడం తెలిసినావిడ. కొడుకును వెంటబెట్టుకుని శనివారం బస్సెక్కి కదిరి పోయింది. నరసింహస్వామి ముందు నిలబడి, బిడ్డకు ఉద్యోగం వచ్చేదాకా తల మీద కత్తెర పెట్టించనని, వచ్చిన రోజు తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. ఎర్రిస్వామి పక్కన నిలబడి దండం పెట్టుకున్నాడు. జుట్టేం బరువు, అనుకున్నాడు.

ఆరు నెలలకు చాట గీతను తాకింది. ఏడాదికి గీత దాటింది. రెండేళ్లకు వేలెడు పైకి పోయింది.

“సామి పెంచుతాండాడురా నిన్ను” అని కదిరమ్మ పీట మీదనే నిలబడి కళ్లు తుడుచుకుంది.

ఇరవై మూడేళ్లు దాటినవాడు ఇంకా పెరుగుతాడా అని ఆమెకు అనుమానం రాలేదు. ఆమె చదువుకోలేదు, సరే. మిగతా ఇద్దరూ డిగ్రీలు చేసినవాళ్లు కదా, వాళ్లకూ రాలేదు. దేవుడు ఇచ్చేదాన్ని టేపు పెట్టి ఎవరు అడుగుతారు?

*

మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్ష ఈసారి గట్టెక్కింది. ఒంటి కొలతలకు, పరుగుకు పిలుపు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ కాలమంతా ఎర్రిస్వామి తెల్లవారుజామున లేచి కుందుర్పి రోడ్డు మీద పరుగెత్తాడు. పదహారు వందల మీటర్లు. ముడి వేసిన జుట్టు వెనక ఎగురుతుంటే, గొర్రెలు తోలుకుపోయే చెన్నప్ప రోజూ కర్ర మీద గడ్డం ఆనించి చూసి, “ఏమప్పా, ఇంగా దొరకలేదా దొంగ?” అని నవ్వేవాడు. చెన్నప్ప భార్య మారెక్క, “మా పొట్టేలు కన్నా నీకే బొచ్చెక్కువుండాదే” అనేది. అంటూనే మజ్జిగ చెంబు చేతికిచ్చేది.

అనంతపురంలో కొలతల రోజు రానే వచ్చింది. పరుగు తరువాత. ముందు ఎత్తు. కొలిచే యంత్రం దగ్గర నెరిసిన మీసాల కానిస్టేబులు ఒకాయన నిలబడి ఉన్నాడు.

“జుట్టేందబ్బీ ఇంత పెంచినావు?”

“కదిరి సామికి మొక్కు సార్.”

“మంచిది. ముడి విప్పు. రోంత పక్కలకు సర్దు.”

ఎర్రిస్వామి విప్పాడు. ఆయన మొరటుగా కాదు, ఇంట్లో పెద్దవాళ్లు చేసినట్టు రెండు చేతులతో నడినెత్తిన వెంట్రుకల్ని పాపిడి తీసినట్టు విడదీశాడు. యంత్రం పలక దిగి చల్లగా తలకు తగిలింది. నూట అరవై ఆరు పాయింట్ తొమ్మిది.

ఆయన మళ్లీ నిలబెట్టాడు. అదే అంకె. “ఊపిరి పీల్చుకోని నిటారుగా నిలబడు నాయనా” అని మూడోసారి కూడా చూశాడు. అంకె మారలేదు. కాగితం మీద రాయవలసింది రాసి, తన నీళ్ల సీసా తీసి ఎర్రిస్వామి చేతిలో పెట్టాడు.

“పొద్దున ఏమన్నా తింటివా?”

“లేదు సార్.”

“గేటు బయట ఉగ్గాని బాగుంటాది. ముందు అది తిను. ఆమీట ఏడుస్తువు.”

ఎర్రిస్వామి ఉగ్గాని తిన్నాడు. బాగుంది. అన్నేళ్లు పరుగెత్తి, పరుగు పరీక్ష దాకా పోకుండానే వెనక్కి తిరిగాడు. బస్సులో కిటికీకి తల ఆనిస్తే జుట్టు మెత్తగా దిండులా తగిలింది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ చాట కింద పెరిగింది తాను కాదు, జుట్టు.

నవ్వొచ్చింది. ఆ వెనకే అమ్మ గుర్తొచ్చింది. పీటెక్కి కళ్లు తుడుచుకున్న అమ్మ. ఎత్తు చాలలేదంటే ఆమె తన చాటను తిట్టుకుంటుంది, మొక్కును తప్పు పడుతుంది, ఆఖరుకు స్వామి మీద కూడా అలుగుతుందేమో. ఇల్లు చేరేసరికి అబద్ధం ఒకటి సిద్ధం చేసుకున్నాడు.

“పరుగులో రోంత ఆలస్యమయిపోయింది మా.”

 కదిరమ్మ సంగటి ముద్ద తట్టలో వేసి, పప్పు పోసి, వేలితో గుంట చేసి నెయ్యి వేసింది.

“అంతేనా? అయితే ఇంగా పరుగెత్తు. మళ్లా పిలుస్తార్లే.”

*

ఆ అబద్ధంతో రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. పరుగు మానకూడదు, జుట్టు తీయకూడదు. అయిదు కాకముందే కదిరమ్మ రాగి మాల్టు కాచి లేపేది. ఎర్రిస్వామి బూట్లు వేసుకుని రోడ్డెక్కి, ఊరి దీపాలు కనబడకుండా పోయాక దారిపక్క రాతిగుండు మీద గంటసేపు కూర్చునేవాడు. ఎంత కాలం ఇలా? పరుగు పేరు చెప్పి కూర్చోవడానికి పరుగు కంటే ఎక్కువ ఆయాసం వచ్చేది. పల్లెలో ఎవరూ “ఏమైందిరా” అని అడగడం లేదు. ముందు రోజూ అడిగేవాళ్లే. పాలు పోసే ఆమె, అరుగు మీద ముసలాయన, అందరూ ఒక్క మాట మీద నోరు కట్టేసుకున్నట్టు వాన సంగతి, పెళ్లిళ్ల సంగతి మాట్లాడేవాళ్లు. వాళ్ల దయ తెలుస్తూనే ఉంది. దాన్నెలా మోయాలో మాత్రం అతనికి తెలియలేదు. జుట్టు ఒక్కటే దాచడానికి కుదరదు. ఏమీ కాలేకపోయానని నెత్తిన బోర్డు పెట్టుకుని తిరుగుతున్నట్టుండేది.

మాఘమాసంలో ఒక పొద్దున గుండు మీద కూర్చుని ఉండగా, ఒక పక్క నల్లగా, ఒక పక్క నున్నగా ఉన్న జంతువు ఏదో గాలిలా ముందు నుంచి పోయింది. వెనక చెన్నప్ప కేక.

“ఎర్రిసామీ! పట్టు! పొట్టేలు!”

సగం కత్తిరించిన పొట్టేలు. బొచ్చు కత్తిరిస్తుంటే కాళ్లకు కట్టిన తాడు ఊడి పారిపోయింది. ఎర్రిస్వామి ఆలోచించలేదు. అన్నేళ్ల పరుగు కాళ్లలో ఉంది. కంపచెట్లు దాటి, కుంట కట్ట దాటి, రోడ్డు మీదికి ఎక్కేసరికి కళ్యాణదుర్గం బస్సు ఎదురొచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. పొట్టేలు బస్సు ముందు, ఎర్రిస్వామి పొట్టేలు వెనక. కండక్టరు తలుపులోంచి తొంగిచూసి, “ఇద్దరికీ టికెట్టు కొట్టల్లా, ఒకరికేనా?” అని అరిచాడు. అరిచినవాడే కిందికి దిగి, చేతులు చాచి దారి మూశాడు. పొట్టేలు వెనక్కి తిరిగి నేరుగా ఎర్రిస్వామి చేతుల్లో పడింది.

దాన్ని భుజాన వేసుకుని చింతచెట్టు కిందికి వస్తే, అక్కడ మందకు మందంతా బొచ్చుతో నిలబడి ఉంది. కత్తెర పట్టినవాళ్లు చెన్నప్ప, మారెక్క, ఇద్దరే. ఒకప్పుడు ఆ పని అట్లా ఉండేది కాదు. ఇవాళ ఒకరి మంద, రేపు ఇంకొకరి మంద, అయిదారిళ్ల మగవాళ్లు కలిసి వరుసన కత్తిరించేవాళ్లు. ఎవరి మంద అయితే వాళ్లింట్లో అందరికీ భోజనం. కూలి మాట లేదు. మొదటి ఉన్ని కుచ్చు మందలను కాచే దేవుడు బీరప్ప పేరు చెప్పి చెట్టు మొదట్లో పెట్టి మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు కుచ్చు పెట్టడం మిగిలింది, మనుషులు మిగల్లేదు. పిల్లలు బెంగళూరులో ఉన్నారు. ముసలివాళ్ల మణికట్లు వాచి ఉన్నాయి. ఉన్నిని అడిగేవాడు లేడు. అయినా తీయకపోతే పిడుదులు పట్టి గొర్రెలు చిక్కిపోతాయి.

“రోంత పట్టుకోప్పా, మిగిలిన సగం తీసేస్తా” అన్నాడు చెన్నప్ప.

కత్తెర పడగానే పొట్టేలు మళ్లీ ఎగిరింది. చర్మం మీద చిన్న గాటు పడింది. మారెక్క పసుపు అద్దింది. ఎర్రిస్వామి వంగి చూశాడు. చెవి వెనక ఉన్ని ముద్ద కట్టి, పల్లేరు ముళ్లతో అట్టలా ఉంది. కత్తెర దాన్ని లాగుతోంది. ఆ నొప్పి అతనికి తెలుసు. ప్రతి శనివారం అమ్మ తన తల చిక్కు తీసేటప్పుడు తెలిసిన నొప్పే.

“ఉండు చెన్నప్పన్నా. నూనుండాదా?”

మారెక్క నూనె చుక్క ఇచ్చింది. అతను వేళ్లకు రాసుకుని, అమ్మ చేసినట్టే ముద్ద మొదట్లో పట్టి నొక్కి ఉంచి, కొస నుంచి మెల్లగా విడదీశాడు. మొదలు పట్టుకుంటే లాగినా నొప్పి తెలియదు. పొట్టేలు చెవులు దించింది. కాసేపటికి నెమరు వేయడం మొదలుపెట్టింది.

చెన్నప్ప కత్తెర కింద పెట్టి చూస్తున్నాడు. మారెక్క నవ్వింది.

“జడున్నోనికే తెలుస్తాదబ్బా బొచ్చు బాధ. ఆ కత్తెర వాని చేతికియ్యి.”

మొదటి గొర్రెకు గంట పట్టింది. మెట్లు మెట్లుగా, కరువు సంవత్సరం చేనులా వచ్చింది దాని ఒళ్లు. “బాగుండాదిలే, దానికేం అద్దముందా?” అన్నాడు చెన్నప్ప. ఆ సాయంత్రానికి అయిదు తీశాడు. వారానికి మంద అంతా పూర్తయింది. పక్క మందవాళ్లు వచ్చి పిలిచారు. ఎర్రిస్వామి గుండు మీద కూర్చోవడం మానేశాడు.

“పోలీసు ప్రాక్టీసులో గొర్రె వాసనెందుకొస్తాదిరా?” అంది కదిరమ్మ ఒకరోజు చొక్కా ఉతుకుతూ.

గొర్రెల సంగతి చెప్పాడు. ఎత్తు సంగతి చెప్పలేదు.

“మంచిదేలే, వాళ్లకు చేసేవాళ్లు లేరు. పిలుపొచ్చేదాకా చెయ్యి” అందామె.

*

టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ అరుణజ్యోతి ఒక గొర్రెను తిప్పి తిప్పి చూసింది. సంచిలోంచి గాయాల మందు తీసి పట్టుకుంది కానీ రాయడానికి చోటు దొరకలేదు.

“ఒక్క గాటు కూడా లేదే! ఎవరు కత్తిరించారు?”

“పోలీసు” అంది మారెక్క.

డాక్టరమ్మ మిషన్‌తో ఉన్ని తీయడం నేర్పే చోటు ఒకటుందని చెప్పి, తానే ఫోన్ చేసి, మూడు రోజుల శిక్షణకు పేరు రాయించింది. అక్కడ గొర్రెను పిరుదుల మీద కూర్చోబెట్టి, వీపు తన మోకాళ్లకు ఆనించుకుని కత్తిరించడం నేర్పారు. అలా కూర్చోబెడితే గొర్రె పెళ్లికొడుకులా బుద్ధిగా ఉంటుంది, కాళ్లు కట్టే పని లేదు. అరువు మిషన్ ఒకటి తెచ్చుకున్నాడు. కరెంటు లేని చోట నడవాలని తిప్పేష్ దానికి బ్యాటరీ అమర్చి, బండి వెనక పెట్టె కట్టించాడు. పెట్టె మీద తనంతట తానే ‘ఎర్రిస్వామి, ఉన్ని తీయబడును’ అని రాసి, కింద ఫోన్ నంబరు వేశాడు.

“అడక్కుండా ఎందుకు రాసినావురా?”

“అడిగితే వద్దంటావని.”

ఫోన్ మోగడం మొదలైంది. మడకశిర వైపు పల్లెల్లో కన్నడంలో పిలిచి, కన్నడంలో తిట్టి, కన్నడంలోనే కడుపునిండా పెట్టి పంపేవాళ్లు. యాడికి ఊరి నుంచి ఒకాయన, ఇంత దూరం రాలేవేమోనని మొహమాటపడుతూ అడిగాడు. ఎర్రిస్వామి పోయాడు. ఎక్కడికి పోయినా ముందు వేళ్లతో చిక్కు విడదీసి, ఆ తరువాతే మిషన్ పెట్టేవాడు. మొదటి కుచ్చు బీరప్పకు పెట్టడం మాత్రం తాను చేసేవాడు కాదు. మంద యజమాని చేత పెట్టించేవాడు. అది వాళ్లది.

పని అంటే ఇష్టం ఎప్పుడు పుట్టిందో అతనికే తెలియదు. ఒక రోజు కత్తిరించి వదిలిన గొర్రె రెండడుగులు వేసి, ఒళ్లు తేలికైందేమో, ఊరికే గాలిలోకి ఎగిరింది. దాన్ని చూసి తాను కూడా ఎగరబోయి, ఎవరైనా చూస్తారని ఆగాడు.

*

మరుసటి మాఘం వచ్చేసరికి చుట్టుపక్కల మందలవాళ్లు ఒక మాట అనుకున్నారు. పాతకాలంలో ఏడాదంతా తమ మందలు చూసే కత్తెరవాడికి కంబళి కప్పేవాళ్లట. ఆ కంబళి కప్పుకున్నవాడు ఇంకెవరి మందకైనా పోవచ్చు కానీ వీళ్ల మందలను వదలకూడదు. వీళ్లూ వేరేవాణ్ణి పిలవకూడదు. ఆ ఆచారం పోయి ముప్పై ఏళ్లయింది. మారెక్క దాన్ని బయటికి తీసింది. ఎర్రిస్వామి తీసిన ఉన్నితోనే నల్ల కంబళి నేయించారు. కదిరమ్మను పిలవడానికి చెన్నప్ప కొత్త పంచె కట్టుకుని పోయాడు.

చింతచెట్టు కింద పదిహేను మంది చేరారు. కంబళి భుజాన పడింది. గరుకుగా, వెచ్చగా ఉంది.

“ఇంగ ఏటా రెండు తూర్లు మా మందలన్నీ నీవే చూడల్లప్పా” అన్నాడు చెన్నప్ప.

కదిరమ్మ ముఖం వెలిగింది, వెంటనే చిన్నబోయింది. మాట ఇచ్చాక తప్పడం ఆమెకు తెలియదు.

“అది కాదన్నా, మళ్లా పోలీసుకు పిలిస్తే మీ మందలు యేమి గావల్ల? ముందే చెప్పల్ల కదా.”

 కంబళి బరువు ఎర్రిస్వామికి అప్పుడు తెలిసింది. అబద్ధం మీద దీన్ని కప్పుకోలేడు.

“పిలవరు మా” అన్నాడు. “నేను పరుగుదాకా పోనే లేదు. ఎత్తు చాలలేదు.”

“చాలకపోవడమేందిరా? గీత దాటినావు కదా!”

“జుట్టు దాటింది మా. నేను కాదు.”

చింతచెట్టు కింద ఒక గొర్రె తుమ్మింది.  కదిరమ్మ లేచింది. “పా ఇంటికి” అంది. కంబళితోనే వెనక నడిచాడు. ఏం జరుగుతుందో చూడాలని మారెక్క కూడా నడిచింది.

కదిరమ్మ చాట తీసుకుని పీట ఎక్కింది. కొడుకు జుట్టును రెండు పక్కలకూ విడదీసి, చాట పెట్టి, రెండు అరచేతులతో నొక్కింది. అంచు గీతకు కిందనే ఆగింది. ఆమె ఆ సందులో గోరు ఆనించి చూసింది.

“నేనెప్పుడూ గట్టిగా నొక్కలేదురా” అంది. “నొప్పి పుడ్తాదని.”

“నేనూ అందుకే చెప్పలేదు మా.”

ముందు నవ్వింది మారెక్క. తరువాత కదిరమ్మ. పీట మీద నుంచి దిగడానికి కొడుకు భుజం పట్టుకుని, కంబళిలో ముఖం పెట్టుకుని నవ్వింది. అందులో కొంత ఏడుపు కూడా కలిసిపోయింది.

“అయితే మొక్కు?” అన్నాడు ఎర్రిస్వామి. “ఉద్యోగం వస్తేనని కదా అనుకున్యావు. కంబళి కప్పితే సామి ఒప్పుకుంటాడా?”

కదిరమ్మ కంబళి అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. మంచి విత్తనం కాయను చూసినట్టు చూసింది.

“ఒప్పుకోక? ఆయప్ప నరసింహుడు. నెత్తి నిండా జూలున్న సామి. చిక్కు తీసే చెయ్యి విలువ ఆయప్పకు తెలీకుంటే ఇంగెవరికి తెలుస్తాది?”

శనివారం కదిరి పోయారు. కల్యాణకట్టలో మంగలాయన అంత జుట్టు చూసి తొందరపడలేదు. నీళ్లు చల్లి, వేళ్లతో మొదళ్లు మెత్తగా నిమిరి, అప్పుడు కత్తి పెట్టాడు.

“నొప్పుండాదా తమ్ముడూ?”

“లేదన్నా. మంచి చెయ్యి.”

“నీదేం పని?”

“మీ పనే అన్నా. గొర్రెలకు.”

ఆయన కత్తి ఆపి నవ్వి, ఆ తరువాత ఇంకా జాగ్రత్తగా గీశాడు. గుండుకు చందనం రాయించుకుని, స్వామికి దండం పెట్టుకుని బయటికి వచ్చాక ఎర్రిస్వామికి నిజంగానే ఎగరాలనిపించింది.

మరుసటి పొద్దున అయిదు కాకముందే కదిరమ్మ రాగి మాల్టు కాచి లేపింది.

“లే. పరుగెత్తు.”

“ఇంగెందుకు మా?” అని దుప్పటి గుండు మీదికి లాక్కున్నాడు.

“యేం, పొట్టేళ్లు నీకోసం నిలబడుకోనుంటాయా?”

లేచి బూట్లు వేసుకున్నాడు.